ఎదురుగా అద్దం పెట్టుకుని ఆఫీసు పని: వీడియో మీటింగుల్లో టెన్షన్ తగ్గించే తెర అమరికలు

శ్రీకాకుళం ఏడు రోడ్ల జంక్షన్ దగ్గర నేను క్షవరం చేయించుకునే షాపులో గోడంతా అద్దమే. కుర్చీలో కూర్చున్న ఇరవై నిమిషాలూ ఎదురుగా నా ముఖమే కనిపిస్తుంది. మొదటి ఐదు నిమిషాల్లో జుట్టు ఎంత పలచబడిందో లెక్క తేలుతుంది. తర్వాత ముక్కు ఒక పక్కకి ఒరిగిందేమో అనిపిస్తుంది. ఆఖరికి కళ్ళు మూసుకుంటాను. అదే అద్దాన్ని బల్ల మీద పెట్టుకుని రోజుకి ఐదారు గంటలు పని చేయమంటే ఎవరు చేస్తారు? 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చాక హైదరాబాదు నుంచి లాప్‌టాప్ సంచీతో ఇంటికి చేరిన దగ్గర్నుంచి నేను చేస్తున్నది సరిగ్గా అదే. ఆ సంగతి తట్టడానికే ఏడాది పైన పట్టింది.

సాయంత్రానికి మనిషిని మనిషిలా ఉండేవాణ్ణి కాదు. అమ్మ వచ్చి "టీ తాగుతావేటి?" అంటే దానికీ విసుగే. "పొద్దుట్నుంచి కుర్చీలోనే కూర్చున్నావు కదరా, ఏటి మోసేసినావని ఇలాగైపోనావు?" అనేది. నిజమే, మోసిందేమీ లేదు. హైదరాబాదులో ఉన్నప్పుడూ ఇవే మీటింగులు, ఇంతే పని. మారిందల్లా నా కళ్ళ ముందు ఏముంది అన్నదొక్కటే.

వీడియో మీటింగుల వల్ల వచ్చే ఈ అలసట మీద ముందుగా గట్టిగా రాసినవాళ్ళలో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన జెరెమీ బెయిలెన్‌సన్ ఒకరు. 2021 ఫిబ్రవరిలో వచ్చిన వ్యాసంలో ఆయన నాలుగు కారణాలు చూపించారు. ముఖాలు మరీ దగ్గరగా వచ్చి అదేపనిగా మనవైపే చూస్తున్నట్టు ఉండటం, ఎదుటివాళ్ళ సైగలు పట్టుకోవడానికి బుర్ర మామూలుకన్నా ఎక్కువ పనిచేయాల్సి రావడం, మన ముఖం మనకే కనిపిస్తూ ఉండటం, కెమెరా చట్రం దాటకుండా కదలక మెదలక కూర్చోవడం. అది ప్రయోగం కాదు, అప్పటికి తెలిసిన సంగతుల మీద కట్టిన వాదన. కొలతలు ఆ తర్వాత వచ్చాయి. అయితే ఆ నాలుగింటిలో మన చేతిలో లేనిది ఒక్కటీ లేదు. చాలావరకు రెండు మూడు క్లిక్కులతో పోయేవే.

కింద చెప్పినవన్నీ నేను జూమ్, గూగుల్ మీట్, టీమ్స్ మూడింటిలోనూ వాడి చూసినవే. బటన్ల పేర్లు వెర్షన్ మారినప్పుడల్లా కాస్త అటూ ఇటూ అవుతుంటాయి. పేరు దొరక్కపోతే మీ బొమ్మ మూల ఉండే మూడు చుక్కలు నొక్కి చూడండి. సగం సెట్టింగులు అక్కడే దాక్కుంటాయి.

మొదటి మెట్టు: ఏదీ మార్చకుండా ఒక వారం రాసుకోండి

ఇది చాలామంది దాటేస్తారు. నేనూ దాటేశాను, తర్వాత ఏది పనిచేసిందో ఏది చేయలేదో తెలియక మళ్ళీ మొదటికొచ్చాను.

స్టాన్‌ఫర్డ్ బృందం ఈ అలసటను కొలవడానికి 15 ప్రశ్నల కొలబద్ద ఒకటి తయారుచేసింది. అందులో అలసటను ఐదు రకాలుగా విడదీశారు. దాన్ని నా సౌకర్యం కోసం ఐదు మాటలకు కుదించుకున్నాను: ఒళ్ళు, కళ్ళు, మనుషులు, పని, మనసు. మీటింగు అవ్వగానే ఒళ్ళు ఎంత అలసింది, కళ్ళు మండుతున్నాయా, ఎవరితోనూ మాట్లాడబుద్ధి కావట్లేదా, తర్వాతి పని మొదలుపెట్టాలంటే బద్ధకంగా ఉందా, మనసు చిరాగ్గా ఉందా అని చూసుకోండి. ఒక్కోదానికి ఒకటి నుంచి ఐదు వరకు అంకె వేయండి. పాలపద్దు పుస్తకం లాంటిది చాలు. పక్కన మీటింగు ఎంతసేపు, ఎంతమంది, కెమెరా ఉందా లేదా అన్నది కూడా రాయండి.

నా పుస్తకంలో మొదటి వారం కళ్ళ అంకె పెద్దగా లేదు. "మనుషులు" అన్న గడిలోనే నాలుగులూ ఐదులూ. కళ్ళజోడు మార్చుకుందామని డాక్టరు దగ్గరికి వెళ్ళబోయినవాణ్ణి ఆగిపోయాను.

తర్వాత వారానికి ఒక్క మార్పే చేయండి. అన్నీ ఒకేసారి మారిస్తే ఏ మందు పనిచేసిందో తెలియదు.

రెండో మెట్టు: మీ ముఖాన్ని మీ తెర మీంచి తీసేయండి

ఈ మొత్తంలో ఒక్కటే చేస్తానంటే ఇదొక్కటి చేయండి.

జూమ్‌లో మీ బొమ్మ మీదికి మౌస్ తీసుకెళ్ళి, మూడు చుక్కలు నొక్కి, "హైడ్ సెల్ఫ్ వ్యూ" ఎంచుకోండి. టీమ్స్‌లో అదేచోట "హైడ్ ఫర్ మీ" అని ఉంటుంది. మీట్‌లో మీ బొమ్మను మినిమైజ్ చేస్తే మూలన చిన్న పట్టీలా ముడుచుకుపోతుంది. ఈ మూడింటిలోనూ మిగతావాళ్ళకు మీరు ఎప్పటిలాగే కనిపిస్తారు. కెమెరా ఆపినట్టు కాదు. ఈ తేడా తెలియక చాలామంది భయపడి మళ్ళీ తెరిచేస్తారు.

ముందుగా చేయాల్సింది ఒకటుంది. చేరేముందు వచ్చే ప్రివ్యూలో తల తెగిపోకుండా ఉందా, వెనక తాడు మీద ఆరేసిన తువ్వాళ్ళు కనిపిస్తున్నాయా చూసుకోండి. ఒకసారి చూసుకున్నాక దాచేయండి. పెళ్ళికి వెళ్ళేముందు బీరువా అద్దంలో చూసుకుంటాం గానీ అద్దాన్ని భోజనాల బల్ల దాకా మోసుకుపోం కదా.

ఇది ఎందుకు పనిచేస్తుందంటే, అద్దం ఎదురుగా ఉంటే మనిషి తనను తాను తూకం వేసుకోవడం మొదలుపెడతాడు. 1972లోనే డ్యువల్, విక్‌లండ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు ఈ సంగతి మీద ఒక సిద్ధాంతం చెప్పారు. ధ్యాస తన మీదికి మళ్ళితే "నేను ఎలా ఉండాలి, ఎలా ఉన్నాను" అన్న పోలిక మొదలవుతుంది, ఆ పోలికలో ఎక్కువసార్లు మనమే ఓడిపోతాం. మీటింగులో ఎవరో బడ్జెట్ గురించి చెబుతుంటే మన కన్ను పదే పదే మూలనున్న మన గడి మీదికే పోతుంది. చొక్కా కాలరు సరిచేసుకుంటాం, నవ్వు అతిగా ఉందేమోనని తగ్గించుకుంటాం. వినాల్సిన మాట ఈలోపు దాటిపోతుంది. "ఏమంటావు?" అని అడిగితే "సారీ, వాయిస్ కట్ అయింది" అని నెట్ మీదికి నెట్టేస్తాం. నేను చాలాసార్లు నెట్టాను.

ఆడవాళ్ళకు ఈ బరువు ఇంకా ఎక్కువ. పదివేల మందికి పైగా జవాబులు తీసుకున్న స్టాన్‌ఫర్డ్ సర్వేలో, వీడియో మీటింగుల తర్వాత బాగా అలసిపోతున్నామని చెప్పిన ఆడవాళ్ళు 13.8 శాతం, మగవాళ్ళు 5.5 శాతం. ఈ తేడాకు పెద్ద కారణంగా వాళ్ళు చూపించింది అద్దం బెంగనే. ఆడవాళ్ళ మీటింగులు ఎక్కువసేపు సాగడం, మధ్యలో విరామాలు తక్కువగా ఉండటం కూడా తోడయ్యాయి. ఈ అంకెలు చెబితే మా అప్ప, అంటే అక్క, "ఇందుకోసం సర్వే చెయ్యాలేటి, నన్నడిగితే చెప్దును కదా" అంది. బొట్టు పక్కకి జరిగిందా, కొంగు సరిగా ఉందా, వెనక నుంచి అత్తగారు దాటారా అని తను ఒక కన్ను ఎప్పుడూ ఆ గడి మీదే ఉంచేదట.

మా అప్ప టీచరు. బడులు మూతపడిన రోజుల్లో ఫోనులోనే పాఠాలు చెప్పేది. ఒకరోజు పొద్దున్నే కంగారుగా ఫోన్ చేసింది. "ఒరే, పలక మీద రాసి చూపిస్తుంటే అక్షరాలు తిరగబడిపోతున్నాయిరా. పిల్లలకి ఏటి కనిపిస్తుందో ఏటో!" పిల్లలకు సరిగ్గానే కనిపిస్తోంది. తిరగబడేది మన తెర మీద మాత్రమే. అద్దంలో చూసుకోవడం అలవాటు కాబట్టి ఈ యాప్‌లు మన బొమ్మను మనకు అద్దంలా తిప్పి చూపిస్తాయి, ఎదుటివాళ్ళకు మామూలుగానే పంపుతాయి. జూమ్ వీడియో సెట్టింగుల్లో "మిర్రర్ మై వీడియో" అన్న టిక్కు తీసేస్తే మనకూ సరిగ్గా కనిపిస్తుంది. పలకో పుస్తకమో చూపించేవాళ్ళకు ఆ టిక్కు తీసేయడం మేలు. మిగతావాళ్ళు ఎలాగూ ముఖం దాచేస్తారు కాబట్టి దాని జోలికి పోనక్కర్లేదు. అప్ప పాత ఫోనులో మాత్రం ముఖం దాచే దారి నాకు దొరకలేదు. అప్ప ఊరుకోలేదు, ఆ గడి మీద చిన్న కాగితం ముక్క అంటించింది. సెట్టింగు కన్నా అదే నమ్మకం అంటుంది.

మూడో మెట్టు: ముఖాలను దూరం జరపండి

కాంప్లెక్స్‌లో విశాఖపట్నం బస్సు ఎక్కి, నిలబడ్డవాళ్ళ మధ్య ఇరుక్కున్నప్పుడు ఏం చేస్తాం? ఎదుటి మనిషి ముఖం జానెడు దూరంలో ఉంటుంది కాబట్టి కిటికీలోకో టికెట్టులోకో చూస్తాం. అమెరికా మానవ శాస్త్రవేత్త ఎడ్వర్డ్ హాల్ లెక్క ప్రకారం సుమారు 45 సెంటీమీటర్ల లోపు దూరం ఇంటివాళ్ళదీ, బాగా దగ్గరివాళ్ళదీ. అంతలోపలికి ఇంకెవరైనా వస్తే ఒళ్ళు జాగ్రత్త పడుతుంది. ఇద్దరే ఉన్న మీటింగును తెర నిండా తెరిస్తే మేనేజరు ముఖం ఆ దూరంలో ఉన్నంత పెద్దదిగా కనిపిస్తుంది. కిటికీలోకి చూసే వీలు కూడా ఉండదు, చూస్తే మర్యాద కాదు.

కాబట్టి ఫుల్ స్క్రీన్ నుంచి బయటికి రండి. కీబోర్డు మీద ఎస్కేప్ మీట నొక్కితే చాలు. తర్వాత విండో అంచు పట్టుకుని తెరలో మూడో వంతుకు తగ్గించండి. లాప్‌టాప్‌ను చేయి చాచినంత దూరం జరపండి. టైపు చేయడానికి అందకపోతే విడిగా ఒక కీబోర్డు కొనుక్కోండి. ఈ మొత్తంలో నేను డబ్బు పెట్టింది దానికొక్కదానికే.

చిన్న విండోను ఎక్కడ పెట్టాలన్నది ఇంటర్వ్యూల్లో అక్కరకొస్తుంది. అప్ప కూతురు క్యాంపస్ ఇంటర్వ్యూకి తయారవుతూ అడిగింది: "మావయ్యా, కళ్ళలోకి చూసి మాట్లాడమంటారు. ముగ్గురు కూర్చుంటే ఎవరి కళ్ళలోకి చూడాలి?" ఎవరి కళ్ళలోకీ కాదు. విండోను చిన్నది చేసి తెర పైభాగంలో నడిమధ్యకు, సరిగ్గా కెమెరా కిందికి జరిపితే చాలు. వాళ్ళ ముఖం చూస్తున్నా కెమెరావైపు చూస్తున్నట్టే ఉంటుంది. లాప్‌టాప్ కింద రెండు లావుపాటి పుస్తకాలు పెట్టి కెమెరాను కంటి ఎత్తుకు తెచ్చాం. తన ముఖం దాచేశాం. జవాబులు అంతకుముందు రోజు మాక్ ఇంటర్వ్యూ కన్నా సాఫీగా వచ్చాయని తనే చెప్పింది. సబ్జెక్టు మాత్రం తను చదివిందే, అందులో నా గొప్పేమీ లేదు.

నాలుగో మెట్టు: మీటింగును బట్టి గడులు

అందరి ముఖాలూ గడులు గడులుగా కనిపించే గ్యాలరీ వ్యూ అంటే నా దృష్టిలో పెళ్ళిచూపులే. మాట్లాడుతున్నది ఎవరైనా సరే, పాతికమంది కళ్ళు మనవైపే. మామూలు గదిలో జరిగే మీటింగులో వినేవాళ్ళు మాట్లాడేవాణ్ణి చూస్తారు. మధ్యమధ్యలో ఫ్యాను వంక, నోట్‌బుక్ వంక చూస్తారు. ఇక్కడ వినేవాడు కూడా నడిబజార్లో కూర్చున్నట్టే.

జూమ్ గ్యాలరీలో మామూలుగా పేజీకి 25 గడులు, శక్తిగల కంప్యూటరైతే 49 దాకా వస్తాయి. వచ్చాయి కదా అని పెట్టుకోనక్కర్లేదు. ఒకరు చెప్పేది అందరూ వినే మీటింగైతే, మాట్లాడేవాళ్ళే పెద్దగా కనిపించే స్పీకర్ వ్యూ పెట్టుకోండి. మీట్‌లో దాన్ని స్పాట్‌లైట్ అంటారు. నలుగురైదుగురు కలిసి చర్చించేదైతే గ్యాలరీయే మంచిది, ఎవరు మాట్లాడబోతున్నారో ముఖం చూసి తెలుస్తుంది. స్పీకర్ వ్యూలో బొమ్మ ఎవరు దగ్గినా అటు గెంతుతుంది. అది చిరాకైతే అసలు వక్తను పిన్ చేసేయండి, మీ తెర వరకు ఆయనే నిలిచిపోతారు. కెమెరా ఆపినవాళ్ళ నల్లగడులను జూమ్‌లో "హైడ్ నాన్ వీడియో పార్టిసిపెంట్స్" తో తీసేయవచ్చు.

అందరినీ ఒకే హాల్లో కూర్చున్నట్టు చూపించే టుగెదర్ మోడ్‌ను మైక్రోసాఫ్ట్ 2020లో టీమ్స్‌లోకి తెచ్చింది. గడుల గోల తగ్గుతుందన్నది ఉద్దేశం. నాకైతే సినిమాహాల్లో తెల్లతెర వైపు కూర్చుని ప్రేక్షకుల్ని చూస్తున్నట్టు ఉంటుంది. కొందరికి నచ్చుతుంది, వారం వాడి మీ పుస్తకంలో అంకె చూసుకోండి.

ఐదో మెట్టు: వెలుతురు, ఫ్యాను, వెనక బొమ్మ

అరసవల్లిలో ఏటా మార్చిలోనూ అక్టోబరులోనూ కొద్ది రోజులు ఉదయపు ఎండ ఎదురుగా వచ్చి స్వామి పాదాల మీద పడుతుంది. వెలుతురు ఎదురుగా వస్తేనే మూర్తి కనిపిస్తుందన్న సూత్రం కెమెరాకు కూడా వర్తిస్తుంది. కిటికీ మీ వెనక ఉంటే మీరు నల్లటి నీడ. కుర్చీని తిప్పి కిటికీకి ఎదురుగా కూర్చోండి. ముఖం మసకగా ఉంటే ఎదుటివాళ్ళు మీ కవళికలు పట్టుకోవడానికి కళ్ళు చికిలిస్తారు. ఆ శ్రమ వాళ్ళది, కారణం మీరు.

మన ఇళ్ళలో ఇంకో చిక్కు, ట్యూబులైటు కన్నా కిందికి వేలాడే ఫ్యాను. రెక్కల నీడ ముఖం మీద టపటపా కొట్టుకుంటుంది. ఎదుటివాళ్ళ తల తిరుగుతుంది గానీ మొహమాటానికి చెప్పరు. మీటింగు వరకు గోడ ఫ్యానో టేబుల్ ఫ్యానో వేసుకోండి. బొమ్మ మీద అడ్డంగా చారలు పాకుతుంటే వెబ్‌క్యామ్ సెట్టింగుల్లో 60 హెర్ట్జ్ ఉందేమో చూసి 50కి మార్చండి. మన దేశంలో కరెంటు 50 హెర్ట్జ్.

వెనక బొమ్మల విషయంలో నేను అనుకున్నది తారుమారైంది. బ్లర్ పెట్టి వెనకదంతా మసక చేస్తే అందరికీ హాయి అనుకునేవాణ్ణి. సింగపూర్ నాన్యాంగ్ సాంకేతిక విశ్వవిద్యాలయం వాళ్ళు ఆరువందల మందికి పైగా అడిగి 2024లో ప్రచురించిన అధ్యయనంలో, కదిలే వీడియో నేపథ్యం పెట్టుకునేవాళ్ళే అందరికన్నా ఎక్కువ అలసిపోతున్నారనీ, ఆ తర్వాతి వరస బ్లర్ వాళ్ళదనీ తేలింది. చెట్లూ చేమలూ ఉన్న నిశ్చల చిత్రం వాడేవాళ్ళ అలసట తక్కువ. నేను అసలు ఏ బొమ్మా లేకుండా వెనక ఖాళీ గోడ ఉండేలా బల్ల జరుపుకున్నాను. పాత లాప్‌టాప్ వేడెక్కడం కూడా తగ్గింది.

ఆరో మెట్టు: నెట్ బలహీనంగా ఉంటే హెచ్‌డీ ఆపండి

జర్మనీలో 2014లో వచ్చిన ఒక అధ్యయనం చెప్పిన సంగతి నన్ను చాలా మార్చింది. మాట చేరడంలో ఆలస్యం 1.2 సెకన్ల దాకా పెరిగితే, వినేవాళ్ళు తప్పు లైనుదని అనుకోరు. మాట్లాడేవాడికే శ్రద్ధ లేదనీ స్నేహంగా లేడనీ అనుకుంటారు. పల్లె నుంచి చేరిన కుర్రాణ్ణి "వీడికి చురుకు లేదు" అని మనం తేల్చేసిన సందర్భాల్లో ఎన్ని సెకన్ల తప్పు టవరుదో!

సెట్టింగుల్లో హెచ్‌డీ టిక్కు తీసేయండి, గ్యాలరీ మానేయండి. మాట తెగుతుంటే మీ వీడియో ఆపి మాట నిలబెట్టుకోండి. ఆపేముందు "నెట్ కోసం వీడియో ఆపుతున్నాను" అని ఒక్కమాట చెప్పండి. వానాకాలంలో నేను మొదట్నుంచే ఇలా చేస్తాను.

ఏడో మెట్టు: కెమెరా ఎప్పుడు ఆపాలి

అమెరికాలో ఒక సంస్థకు చెందిన 103 మంది ఉద్యోగులతో నాలుగు వారాలు చేసిన ప్రయోగం 2021లో వెలువడింది. కెమెరా పెట్టిన రోజుల్లో అలసట పెరిగింది. ఆ అలసట వల్ల మీటింగులో నోరు విప్పడమూ లగ్నం కావడమూ తగ్గాయి. కెమెరా ఉంటేనే మనసు పెడతారన్న మేనేజర్ల నమ్మకానికి ఇది ఎదురు. ఆడవాళ్ళ మీదా, కొత్తగా చేరినవాళ్ళ మీదా ఈ ప్రభావం ఎక్కువ పడింది.

అలాగని ఎప్పుడూ ఆపేయమనను. పరిచయాలు, జీతం మాటలు, ఎవరినైనా ఓదార్చాల్సి వచ్చినప్పుడు ముఖం కావాలి. వారాంతపు నివేదికలు వినడానికి ముఖం ఎందుకు? అవి నేను చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని డాబా మీద అటూ ఇటూ నడుస్తూ వింటాను. అడిగిన ప్రశ్న తప్పిపోవడం ఇప్పటికి లేదు.

మీరే మీటింగు పెట్టేవాళ్ళయితే

పైన చెప్పినవన్నీ పెట్టుకున్నా, పిలిచినవాడు "అందరూ కెమెరాలు ఆన్ చేయండి" అని గద్దిస్తే సగం వృథా. అందుకే మా బృందం మీటింగులు నా చేతికి వచ్చాక ఆహ్వానంలోనే రెండు వాక్యాలు చేర్చాను: "మొదటి ఐదు నిమిషాలు పలకరింపులకు కెమెరా పెడదాం. తర్వాత మీ ఇష్టం."

గూగుల్ క్యాలెండర్ సెట్టింగుల్లో "స్పీడీ మీటింగ్స్" అని ఉంటుంది. అది టిక్కు పెడితే అరగంట మీటింగు 25 నిమిషాలకూ, గంట మీటింగు 50 నిమిషాలకూ దానంతటదే కుదించుకుంటుంది. మైక్రోసాఫ్ట్ వాళ్ళు 2021లో 14 మంది తలకు మెదడు తరంగాలు కొలిచే టోపీలు పెట్టి చూశారు. అరగంట మీటింగులు నాలుగు వరసగా పెడితే ఒత్తిడి సూచించే బీటా తరంగాలు పోగుపడుతూ పోయాయి. మధ్యమధ్య పది నిమిషాలు విరామం ఇచ్చినరోజు ఆ పెరుగుదల కనిపించలేదు. 14 మంది చిన్న లెక్కే. అయినా ఆ ఐదు పది నిమిషాలు ఇవ్వడానికి పెద్ద రుజువేమీ అక్కర్లేదు.

రెండు వాక్యాలు పెట్టిన మొదటి వారం కెమెరాలు అందరూ అలాగే ఉంచుకున్నారు. మూడో వారానికి ఒక్కొక్కటే ఆగాయి. అప్పటిదాకా మీటింగులో తలూపడమే తప్ప మాట్లాడని విజయనగరం అమ్మాయి, కెమెరా ఆపేసి, మా లెక్కల పట్టికలో రెండు నెలలుగా ఎవరికీ కనిపించని తప్పు ఒకటి చూపించింది.